మాటలు మోసిన పిల్ల

లిఫ్టులు బాగుచేసే మనిషిని కట్టుకుని, విడిపోయాక లిఫ్టు లేని మేడలో మూడో అంతస్తులో ఇల్లు తీసుకుంది ఆవిడ. చూసినవాళ్ళు నవ్వుకున్నారు. నవ్వుకోనీ. అద్దె అందుబాటులో ఉంది, పిల్లల బడి పక్క వీధిలోనే ఉంది, కిటికీ తెరిస్తే గాలి వస్తుంది. మెట్లెక్కి ఎక్కి మోకాళ్ళు అరుగుతాయని భయపెట్టారు గానీ, ఆ కాపురంలో ఆవిడ అరిగినదాంతో పోలిస్తే మోకాళ్ళదేముంది!

ఆవిడ పని కట్టుడుపళ్ళ ల్యాబులో. వీధిలో అందరూ పళ్ళావిడ అంటారు. కొత్తగా వచ్చినవాళ్ళు పళ్ళబండి ఎక్కడ పెడుతుందని అడిగి నాలిక్కరుచుకున్న సందర్భాలు కూడా ఉన్నాయి. ఊరూపేరూ తెలియని ముసలివాళ్ళ నోటి అచ్చులు ప్లాస్టరుతో పోసి, గులాబీరంగు మైనంలో ఒక్కో పన్నూ గుచ్చి, స్పిరిటు దీపం మీద చిన్న కత్తి కాల్చి అంచులు నునుపు చేస్తుంది. చేతిలో పని ఉన్నంతసేపూ ఆవిడంత నెమ్మదైన మనిషి ఉండదు. పని పక్కన పెట్టి మొగుడి మాట ఎత్తారో, అయిపోయిందే. ముక్కు మీద కోపం.

ఆయనేం తక్కువ తిన్నాడా? ఫోనెత్తితే చాలు, హలో దగ్గర మొదలైన మాట నిమిషం తిరక్కుండా తాతల దాకా పోయేది. చివరికి ఈయన నంబరు ఆవిడ మూసేసింది, ఆవిడ నంబరు ఈయన మూసేశాడు. శనివారం పొద్దున ఆయన వచ్చి మేడ కింద నిలబడతాడు. పైకి రాడు. ఆవిడ దిగదు. ఎవరు పెట్టారో తెలియదు ఆ రూలు, అలవాటైపోయింది. చెప్పుకోవలసిందేమైనా ఉంటే పెద్దపిల్ల మెట్లు దిగి చెప్పి, మెట్లెక్కి జవాబు తెచ్చేది.

పెద్దపిల్లకి పదేళ్ళు. అందరూ 'బామ్మ' అంటారు. పిలవక ఏం చేస్తారు? నడుం మీద చేతులు పెట్టుకుని, "ఒరేయ్, చెప్పులు కుడి ఎడమా చూసుకోరా, నా ప్రాణం తీస్తున్నావు" అని తమ్ముణ్ణి కసిరే తీరు చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది. ఆ తమ్ముడు బుడంకాయ. వాడికింకా బడిలో చేరి ఏడాది కాలేదు. అమ్మ చెవి తమ్మె పట్టుకుంటే గానీ నిద్రపోడు.

"మీ నాన్నతో చెప్పు, పోయినవారం పిల్లాణ్ణి తడిబట్టలతో తెచ్చి దింపాడు, బుద్ధుందా అని అడిగానని చెప్పు" అనేది పళ్ళావిడ.

"సరే" అని బామ్మ దిగేది. కాసేపటికి ఆయాసపడుతూ ఎక్కి వచ్చేది. "నాన్న సారీ చెప్పమన్నాడమ్మా. వాన వస్తుందనుకోలేదట."

సారీనా? ఇన్నేళ్ళ కాపురంలో ఆ నోట ఆ మాట ఆవిడ వినలేదు. 'ఇప్పుడు తెలిసొచ్చిందన్నమాట' అనుకుంది. ఇంకోసారి బామ్మ పైకొచ్చి, "అంత సన్నపు పని కళ్ళకి మంచిది కాదట, దీపం దగ్గరగా పెట్టుకోమన్నాడు నాన్న" అంది. "ఇప్పుడు గుర్తొచ్చాయా నా కళ్ళు?" అని ఈసడించింది గానీ, మర్నాడు ల్యాబులో దీపం దగ్గరికి జరుపుకుంది. మనిషి అన్నాక లోపల ఎక్కడో మెత్తబడుతుంది కదా. విడిపోయాకే మంచివాడయ్యాడు, ముందే అయ్యుంటే ఏం పోయేది అని ల్యాబులో పక్క బల్ల ఆవిడతో అనేది కూడా.

ఆవిడ మాత్రం మారలేదు. ఒక శనివారం బామ్మ పరిగెత్తుకొచ్చింది. "అమ్మా, నాన్నకి పనిలో కరెంటు కొట్టిందట. చెయ్యి కాలింది. ఇంత కట్టు కట్టారు" అంది కళ్ళు పెద్దవి చేసి.

పళ్ళావిడ గుడ్లు గిలకొడుతోంది. "బాగా అయింది. ఒళ్ళు దగ్గర పెట్టుకుని పని చేస్తే కదా! అదే చెప్పు, బాగా అయిందన్నానని చెప్పు" అంది వెనక్కి తిరక్కుండానే. బామ్మ ఇంకాస్త సేపు గుమ్మంలో నిలబడి, తర్వాత దిగిపోయింది.

ఇలా ఉండగా ల్యాబులో రోజులు మారాయి. ల్యాబు పెద్దాయన మంచంపట్టాడు, కొడుకు వచ్చాడు. కొడుకుతో పాటు ఒక మిషను వచ్చింది. కంప్యూటర్లో బొమ్మ గీస్తే పళ్ళు అవే చెక్కుకుని బయటపడతాయి. మైనం పట్టే చేతులు ఒక్కొక్కటే ఖాళీ అవుతుంటే, పళ్ళావిడకి గుండెల్లో గుబులు పట్టుకుంది. సరిగ్గా అప్పుడే ఒక పగలంతా రైల్లో కూర్చుంటే గానీ రాని ఊళ్ళో పెద్ద పళ్ళాసుపత్రి వాళ్ళు పిలిచారు. చేతిపని తెలిసినవాళ్ళు కావాలట, కుర్రవాళ్ళకి నేర్పాలట. ఉండటానికి ఆసుపత్రి వెనకే రెండు గదుల ఇల్లు. గోడ దూకితే బడి. సాయంత్రం పిల్లలు వచ్చేసరికి తనూ ఇంట్లో ఉండొచ్చు. ఇన్నాళ్ళూ తాళంచెవి మెడలో వేసుకుని బామ్మే తలుపు తీసి, తమ్ముడికి పాలిచ్చి, అమ్మ వచ్చేదాకా కిటికీ దగ్గర కూర్చునేది. ఆ పిల్ల అలా కూర్చోనక్కరలేదన్న ఒక్క మాటకే పళ్ళావిడ మనసు ఆ ఊరికి వెళ్ళిపోయింది.

కానీ పిల్లల్ని వేరే ఊరు తీసుకెళ్ళాలంటే తండ్రి ఒప్పుకోవాలి. విడాకులప్పుడు జడ్జీ చెప్పిన మాట అది. ఆవిడ లాయరు దగ్గరికి వెళ్ళి ఉంటే బాగుండేది. వెళ్ళలేదు. ఎందుకు వెళ్తుంది, ఇంట్లోనే మాట చేరవేసే మనిషి ఉండగా!

శనివారం బామ్మని ఎదురుగా నిలబెట్టుకుంది. "జాగ్రత్తగా విను. నాకు దూరపు ఊళ్ళో ఉద్యోగం వచ్చింది. మిమ్మల్నిద్దర్నీ తీసుకుని అక్కడికి వెళ్ళిపోతాను. ఇదే మాట మీ నాన్నతో చెప్పు. అడ్డం పడేదుంటే ఇప్పుడే పడమను, తర్వాత గొడవ చేస్తే ఊరుకోనను."

బామ్మ తల్లి మొహం వంక చూసింది. "మరి నాన్నో?" అంది.

"మీ నాన్నకేం, సెలవులకి వస్తాడు. వెళ్ళి చెప్పు."

ఆ రోజు బామ్మ ఎంతసేపటికీ పైకి రాలేదు. పళ్ళావిడ కిటికీలోంచి చూస్తే కింద ఆయన, పిల్లాణ్ణి భుజాల మీద ఎక్కించుకుని ఆడిస్తున్నాడు. అరుపులూ కేకలూ ఏం లేవు. చివరికి బామ్మ వచ్చి, చెప్పులు విప్పుకుంటూ తల దించుకునే చెప్పింది. "సరే, మంచిదే, వెళ్ళమను అన్నాడమ్మా."

"ఇంకేమన్నాడు?"

"అంతే. మంచిదే అన్నాడు."

పెద్ద యుద్ధమే అవుతుందని నడుం బిగించుకుని కూర్చున్న మనిషి పళ్ళావిడ. వంటగదిలోకి వెళ్ళి కొళాయి తిప్పి, ఆ చప్పుడులో కాసేపు ఏడ్చింది. తర్వాత మొహం కడుక్కుని వచ్చి, "మీ నాన్నకి థాంక్స్ చెప్పు" అంది. విడిపోయాక ఆవిడ పంపిన మొదటి మంచిమాట అదే.

ఇక చకచకా కానిచ్చేసింది. ల్యాబులో మానేస్తానని చెప్పింది. పెద్దాయన కొడుకు, వద్దని ఒక్క మాటైనా అనకుండా, ఆవిడ బల్ల తీయించి అక్కడ రెండో మిషను పెట్టించాడు. ఇంటివాళ్ళకి ఖాళీ చేస్తానని చెప్పేసింది. బడికి వెళ్ళి టీసీ అడిగింది. సరేనమ్మా అన్నారు వాళ్ళు. అని, తండ్రికి కూడా ఒక మాట చెప్పాలి కదా అని ఫోన్ చేశారు.

కొంప మునిగింది అక్కడే.

మర్నాటికల్లా ఆయన లాయరు దగ్గర కూర్చున్నాడు. ఆ వారంలోనే పళ్ళావిడకి నోటీసు. పిల్లల్ని తనకి తెలియకుండా ఊరు దాటించేస్తోందట, ఆపాలట. "తెలియకుండానా?" అని ఆవిడ శివాలెత్తిపోయింది. "సరే మంచిదే అన్న నోటితోనే ఈ మాట ఎలా అన్నాడు? నాలికా, తాటిమట్టా?" పక్కనే బుడంకాయకి గుండీలు పెడుతున్న బామ్మ చేతులు ఆగిపోయాయి. పళ్ళావిడ ఆ కోపంలో అదీ చూడలేదు. చూడదు. కోపం వస్తే ఆ ఇంట్లో ఎవరికీ పిల్లలు కనపడరు.

కోర్టులో జడ్జీ, ముందుగా కౌన్సిలింగుకి పొమ్మన్నాడు. గదిలో ఒక బల్ల, నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, మూలన చక్రం ఊడిన బొమ్మ లారీ. కౌన్సిలర్ మేడం పెద్దావిడ, కళ్ళద్దాలు ముక్కు చివర పెట్టుకుని పిప్పరమెంటు చప్పరిస్తోంది. లిఫ్టాయన డ్యూటీ చొక్కాతోనే వచ్చాడు. గోళ్ళలో గ్రీజు, మణికట్టు దగ్గర కాలిన మచ్చ. పిల్లలిద్దర్నీ బయట వరండాలో బల్ల మీద కూర్చోబెట్టారు.

"చెప్పమ్మా, ఆయనకి చెప్పకుండా ఎలా తీసుకెళ్దామనుకున్నావు?" అంది మేడం.

"చెప్పాను మేడం. పిల్లతో చెప్పించాను. సరే, మంచిదే, వెళ్ళమను అన్నారు. ఇప్పుడు ప్లేటు తిప్పేశారు."

తిట్టేటప్పుడు కూడా పళ్ళావిడకి 'మీరు' పోలేదు. ఆయనకి 'నువ్వు' పోలేదు.

"నేనన్నది ట్రైనింగుకి!" అని లేచాడాయన. "సెలవుల్లో నెల రోజులు అమ్మకి ట్రైనింగట, అప్పుడు మేమిద్దరం నీ దగ్గరుంటాం అంది పిల్ల. సరే, మంచిదే, వెళ్ళమను అన్నాను. ఎందుకనను? నెల రోజులు పిల్లలు నా ఇంట్లో ఉంటారంటే ఎగిరి గంతేశాను. తర్వాతి వారం థాంక్స్ కూడా చెప్పి పంపింది మేడం ఈవిడ. ఇంత మర్యాద ఎప్పుడు నేర్చుకుందా అనుకున్నాను."

"ట్రైనింగేంటి? నేను ఆ మాటే అనలేదు."

"అయితే పిల్లకి అబద్ధం నేర్పి పంపావన్నమాట!"

"నేనా నేర్పింది? మీరు కాదూ..."

మేడం బల్ల మీద అరచేత్తో ఒక్కటి చరిచింది. "కూర్చోండి ఇద్దరూ. నాకో సంగతి చెప్పండి. మీరిద్దరూ ఒకళ్ళతో ఒకళ్ళు ఎప్పుడూ మాట్లాడుకోరా? అన్నీ ఆ పిల్లతోనేనా?"

ఇద్దరూ నేల చూపులు చూశారు.

"ఎన్నాళ్ళ నుంచి?"

"విడిపోయినప్పటి నుంచీ" అన్నాడు లిఫ్టాయన. గొంతు తగ్గింది. మచ్చ మీద బొటనవేలితో రాసుకుంటూ అన్నాడు, "మేడం, ఈవిడ చెడ్డదని నేననను. నా చెయ్యి కాలినప్పుడు, తోడు లేకుండా లిఫ్టు గోతిలోకి దిగొద్దని చెప్పి పంపింది. పిల్లలకి నువ్వు కావాలి అంది. ఆ రోజు నుంచి నేను ఒంటరిగా గోతిలోకి దిగలేదు. అలాంటి మనిషి ఇలా చేస్తుందని..."

పళ్ళావిడ వరండా తలుపు వైపు చూసింది.

"నేనలా అనలేదు" అంది.

"మరి?"

చెప్పకపోయినా ఎవరూ బలవంతం చేసేవాళ్ళు కాదు. కానీ నోరు ఆగలేదు. "బాగా అయింది అన్నాను."

ఆయన మచ్చ మీద నుంచి బొటనవేలు తీసేశాడు. పళ్ళావిడే అడిగింది. "మరి దీపం దగ్గరగా పెట్టుకోమన్నది మీరేనా? పిల్లాడు తడిసినప్పుడు సారీ చెప్పింది?"

ఆయన తల అడ్డంగా ఊపాడు. "నీ పని నువ్వు చూసుకో అన్నాను."

అయ్యో, ఇన్నాళ్ళూ ఈ మొగుడూ పెళ్ళాలు ఒకళ్ళ మంచితనానికి ఒకళ్ళు కరిగారే, ఆ మంచితనం ఇద్దరిదీ కాదు. రెండు జడలేసుకుని మెట్ల మలుపులో నిలబడి, పైనుంచి తెచ్చిన విషం అక్కడ పారబోసి, సొంతంగా ఇంత తియ్యటిది కలుపుకుని కిందికి మోసుకెళ్ళిన పిల్లది. మళ్ళీ కిందనుంచి పైకి అదే పని. ఎవరు చేయించారు దాంతో ఆ చాకిరీ? ఇద్దరూ కలిసి చేయించారు.

మేడం బామ్మని లోపలికి పిలిచింది. తమ్ముణ్ణి ఒక్కణ్ణీ వదిలేస్తే ఏడుస్తాడని వాణ్ణి కూడా చెయ్యి పట్టుకుని తెచ్చింది. గదిలో మొహాలు చూడగానే దానికి అర్థమైపోయింది. ఏడవలేదు. "నేనే" అంది. "అలా చెప్పింది నేనే."

"ఎందుకమ్మా?" అంది మేడం.

"ఉన్నదున్నట్టు చెప్తే వీళ్ళు అరుచుకుంటారు కదండీ. ముందు ఇంట్లో అరుచుకునేవాళ్ళు. బుడంకాయ మంచం కింద దూరేవాడు." కొంచెం ఆగి, "ఉద్యోగం సంగతి తర్వాత నెమ్మదిగా చెబుదామనుకున్నాను. ఎలా చెప్పాలో తెలియలేదు" అంది.

పళ్ళావిడ దాన్ని దగ్గరికి లాక్కోబోయింది. మేడం చేత్తోనే ఆగమంది. "నిన్నెవరూ తిట్టరు. ఇప్పుడు నీ మాట చెప్పు. అమ్మ మాటా వద్దు, నాన్న మాటా వద్దు. నీకేం కావాలి?"

బామ్మ అమ్మ మొహం చూసింది. నాన్న మొహం చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత నడుం మీద చెయ్యి పెట్టుకుని, ఇంటి పంపకాలు చెప్పే పెద్దావిడలాగే చెప్పింది. "బుడంకాయ అమ్మతో వెళ్తాడండీ. వాడికి అమ్మ లేకపోతే నిద్ర పట్టదు. నేను నాన్న దగ్గరుంటాను. నాన్నకి ఎవరూ లేరు కదా. అప్పుడు ఎవరూ ఏడవక్కరలేదు."

"అలా కాదే తల్లీ..." అన్నాడు తండ్రి.

అక్కాతమ్ముళ్ళని విడదియ్యటం తనకి ఇష్టం లేదంది మేడం. తెగేదాకా వాదించుకుంటే కేసు ఎన్నాళ్ళు పడుతుందో చెప్పలేనంది. తల్లీతండ్రీ ఒప్పుకుంటే మాత్రం జడ్జీ కాదనడంది. లాయర్లిద్దరికీ మహా సంతోషం. "చెరొకరు, గొడవ లేదు" అన్నాడొకడు, చేతులు దులుపుకుంటూ. కొబ్బరిచిప్పలు పంచుతున్నాడా వీడు? పళ్ళావిడకి వాడి మొహం మీద కొట్టాలనిపించింది. కొట్టి ఏం లాభం? ఇక్కడ ల్యాబులో బల్ల లేదు, ఇల్లు లేదు. అక్కడి వాళ్ళు ఇంకెన్నాళ్ళు ఆగుతారు? కాదంటే ఇద్దరు పిల్లల్నీ ఈ వీధుల్లోనే ఏం పెట్టి పెంచాలి? అవునంటే కూతుర్ని వదిలెయ్యాలి. ఎటు చూసినా గోడే. మేడం ఇద్దర్నీ ఒకటే అడిగింది, ఇకమీదట పిల్ల చేత ఒక్క మాట కూడా పంపించకండని. ఇద్దరూ బుద్ధిగా తలలూపారు.

ఇంటికి వచ్చాక పళ్ళావిడ అడగటం మొదలుపెట్టింది. జడలేస్తూ అడిగింది. "నిజంగా ఇక్కడ ఉండాలనుందా నీకు?" "ఆ, ఉంది." "నాన్న కోసం అన్నావా?" "కాదమ్మా, నాకిక్కడ ఫ్రెండ్సున్నారు." బట్టలు సర్దుతూ అడిగింది. బతిమాలింది. ఒకసారి కోపంగా భుజాలు పట్టుకుని కుదిపి, "నిజం చెప్పవే!" అని అరిచింది. "నిజమేనమ్మా" అంది బామ్మ, ఎంత నెమ్మదిగానో. ఆ గొంతే. సారీ చెప్పాడని తెచ్చిన గొంతు, దీపం దగ్గరగా పెట్టుకోమన్నాడని తెచ్చిన గొంతు. అందులో ఎక్కడ అతుకుందో వెతికి వెతికి పళ్ళావిడ అలిసిపోయింది. ఇతరుల నోట్లో రవ్వంత ఎత్తుపల్లాన్ని వేలితో పట్టేసే మనిషికి, కన్నకూతురి నోట్లో మాట నిజమో కాదో తేల్చుకోవటం చేతకాలేదు.

ఆ శనివారం ఆవిడే మెట్లు దిగింది. ఆయన స్కూటరు మీద కూర్చుని ఉన్నాడు. ఆవిడని చూసి లేచి నిలబడ్డాడు, ఎవరో పై ఆఫీసరు వచ్చినట్టు.

"మీతో ఏం చెప్పింది?" అంది.

"నీకు పని ఎక్కువుంటుందట కొత్త చోట. ఇద్దరుంటే నీకు కష్టమట."

"నాతో ఫ్రెండ్సున్నారంది."

"అవునా" అన్నాడు. కాసేపు స్కూటరు అద్దం తిప్పుతూ నిలబడ్డాడు. "నేను కూడా అడిగాను. నాకు తెలియటం లేదు. నువ్వు తీసుకెళ్ళిపో, నేనేం అననని కూడా చెప్పాను దాంతో. వద్దంది. నేను ఏడుస్తానట."

"ఏడుస్తారా?"

"ఏడవనా మరి!" అన్నాడు.

ఇద్దరూ అరుచుకోలేదు. ఇంతసేపు అరుచుకోకుండా మాట్లాడుకోవటం ఎన్నేళ్ళకో. కానీ ఏం మాట్లాడుకున్నా, ఏ దారీ కనపడలేదు. ఒకరి నంబరు ఒకరు మళ్ళీ తెరుచుకున్నారు, అంతే. బలవంతాన రైలెక్కిస్తే పిల్ల అక్కడ కూర్చుని నాన్నని తలుచుకుని కుమిలిపోతుంది. వదిలేస్తే ఇక్కడ కూర్చుని అమ్మని తలుచుకుంటుంది. రెండు చోట్లా బాగానే ఉన్నాననే చెప్తుంది.

వెళ్ళే రోజు సామాను బండి ఎక్కిస్తుంటే బామ్మే అజమాయిషీ చేసింది. గిన్నెల సంచీ మీద పరుపు పెట్టొద్దని బండివాడితో తగాదా పెట్టుకుంది. బుడంకాయ ముక్కు తుడిచి, "అమ్మని విసిగించకు, అన్నం నువ్వే తినటం నేర్చుకో" అని చెప్పింది. వాడు అక్క ఎందుకు ఎక్కదని గొడవ చేసి, తర్వాత బండి ముందు సీటు దొరికిందని అది మరిచిపోయాడు. పళ్ళావిడ కూతుర్ని గట్టిగా పట్టుకుంది. దాని జడల్లో కొబ్బరినూనె వాసన. "ఇప్పుడు కూడా ఎక్కొచ్చు. నాన్న కూడా ఏమీ అనడు" అంది చెవిలో. బామ్మ నవ్వింది, "బండి ఆలస్యమవుతోందమ్మా" అంది. లిఫ్టాయన పక్కకి తిరిగి నిలబడ్డాడు.

కొత్త ఇల్లు బాగుంది. బాగుండటమే ఆవిడకి కష్టంగా ఉంది. రెండు గదులు, వంటగదిలో అల్మరా, కిటికీ తీస్తే బడి గోడ. ఆసుపత్రిలో ఆవిడ కోసం కొత్త బల్ల వేశారు, కుర్రవాళ్ళు అమ్మగారూ అంటూ లేచి నిలబడ్డారు. మొదటిరోజు పనయ్యాక ఇంటికొచ్చి, బుడంకాయకి తినిపించింది. వాడు పరుపు మీద పడి ఆవిడ చెవి పట్టుకుని నిద్రపోయాడు. బయట ఇంకా పూర్తిగా చీకటి పడలేదు.

ఫోను మోగింది. లిఫ్టాయన.

"ఏం లేదు, కంగారు పడకు" అన్నాడు. వెనక ఎవరెవరో గట్టిగా మాట్లాడుకుంటున్న చప్పుడు. "ఇక్కడ ఒక బిల్డింగులో లిఫ్టు మధ్యలో ఆగిపోయింది, లోపల ఒక ముసలాయన ఉన్నాడు. నేను రాక తప్పలేదు. ఇంకో గంట పట్టొచ్చు. బామ్మ ఒక్కతే ఉంది ఇంట్లో. తలుపు గడియ పెట్టుకోమన్నాను. పక్కింటివాళ్ళు కూడా ఇవాళ లేరు. నువ్వొకసారి చేసి మాట్లాడుతూ ఉండు."

"తిందా?"

"వచ్చి వండుతానన్నాను. నీకు చెప్పకుండా దాచానని రేపు అనకు. అందుకే చేశాను."

"మంచిపని చేశారు. జాగ్రత్త" అని పెట్టేసింది. ఈసారి ఆ మాట నిజంగా ఆవిడే అంది.

వెంటనే, ఆయన ఇంట్లో బామ్మ కోసం ఉంచిన ఫోనుకి చేసింది. రెండో రింగుకే ఎత్తింది పిల్ల. "అమ్మా! పని నుంచి వచ్చేశావా? బుడంకాయ పడుకున్నాడా?"

"పడుకున్నాడు. నువ్వేం చేస్తున్నావే?"

"అన్నం తింటున్నామమ్మా" అంది బామ్మ. "నాన్న గుడ్డు వేశాడు. ఉప్పు కొంచెం ఎక్కువేశాడులే. బాగానే ఉంది."

పళ్ళావిడ గోడకి చేరగిలబడింది. ఫోనులో ఆ ఇంటి చప్పుడు వినబడుతోంది. గిన్నె చప్పుడు లేదు, కొళాయి చప్పుడు లేదు, మగగొంతు లేదు. టీవీ కూడా లేదు.

"నాన్న పక్కనే ఉన్నాడా?"

"ఆ, పక్కనే ఉన్నాడు. నువ్వు అలిసిపోయి ఉంటావు, తొందరగా పడుకోమని చెప్పమంటున్నాడు."

ఒక్క మాట అంటే సరిపోతుంది, నాకు తెలుసే తల్లీ, నాకు అబద్ధం చెప్పక్కరలేదే అని. ఆ మాట నాలిక చివరికి వచ్చింది కూడా. అన్న తర్వాతో? తలుపు గడియ పెట్టుకుని, ఆకలితో, ఒంటరిగా కూర్చున్న పిల్లకి ధైర్యంగా మిగిలింది ఈ ఒక్క కబురే. అది కూడా లాగేసుకుంటే, ఒక పగలు రైలు దూరంలో కూర్చుని తను దాని చేతిలో పెట్టగలిగింది ఏముంది? ఇంతకీ పిల్ల బాగుందా? భయపడుతోందా? ఏం చెప్పినా బాగున్నాననే అంటుంది. ఇక జీవితమంతా ఇంతే. కళ్ళు తుడుచుకుంది.

"సరేనమ్మా" అంది. "నాన్నని కూడా సరిగ్గా తినమని చెప్పు."

"చెప్తాను, ఉండు" అంది బామ్మ. ఫోను కాస్త పక్కకి పెట్టి, ఎవరూ లేని ఆ ఇంట్లోకి గట్టిగా అంది, "నాన్నా, అమ్మ నిన్ను కూడా సరిగ్గా తినమంటోంది!"